సర్దార్ పిలిచినప్పుడు

రెబ్బెన,
19 జనవరి 2025.

చెల్లె అనసూయకు,

నీ అన్న మొండయ్య దీవించి రాసేది. నిన్న చీకటి పడేలోపే ఇల్లు చేరాను. బల్లార్షాలో బండెక్కి కూర్చున్నాక చెయ్యి ఖాళీగా ఉండేసరికి, ఏదో మరిచిపోయానని సీటు కింద వంగి చూశాను. ఎదురుగా ఉన్న ముసలాయన నన్ను దొంగ అనుకున్నాడో ఏమో, తన సంచి దగ్గరికి లాక్కున్నాడు. చిలుక గూడు మీ ఇంట్లో వదిలి వచ్చానన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

ఫోన్ చేస్తానని దుర్గేష్ ఒకటే పోరు. నీ కొడుకుకు మతి లేదే. బొగ్గు బాయిలో రాళ్లు పేల్చీ పేల్చీ మామ చెవులు పోయి ఇరవై ఏళ్లు దాటిందని వాడికి ఎవరు చెప్పాలి? నా డబ్బా ఫోనుకు తెలుగు మెసేజీ వస్తే అక్షరాల చోట గళ్లు గళ్లుగా కనపడతాయి. కాబట్టి ఉత్తరమే రాయి. ఏడో తరగతి దాకా మన ఊరి బడిలో చదివావు, నీ దస్తూరి నాకంటే నయం.

ఇక సర్దార్ సంగతి. పొద్దున నానబెట్టిన శనగలు, ఒక పచ్చి మిరపకాయ. జామకాయ దొరికితే ముక్క. మునిమాపు వేళ గూటి మీద గుడ్డ కప్పితే తెల్లారేదాకా కిక్కురుమనదు. పగలు మాత్రం అరుస్తుంది. ఎంత అరుస్తుందో నాకేం తెలుసు? పక్కింటివాళ్లు వచ్చి చెవుల మీద చేతులు పెట్టుకుని చూపించేవాళ్లు. బాయిలో మనుషుల్ని పనికి తోలే సర్దార్ లాగా అరుస్తుందనే మీ వదినె ఆ పేరు పెట్టింది.

ఒక్కటి గుర్తుంచుకో. అది అరిచినప్పుడు నువ్వు లేచి పోయి దాని ఎదురుగా నిలబడు. ఏం పెట్టొద్దు, ఏం అనొద్దు. ఊరికే నిలబడు. ఊరుకుంటుంది.

మీ వదినె ఈరమ్మ పోయి మూడు నెలలైంది. ఆమె దగ్గర నేర్చిన మాటలే అది మాట్లాడుతుందని వాడకట్టంతా అంటారు. ఈ చెవిటివాడి ఇంట్లో ఆ మాటలు గోడలకు తగిలి పోతున్నాయి. అందుకే నీకు ఇచ్చాను. నువ్వైనా విను. ఏమంటుందో, గొంతు ఎట్లుందో రాయి.

నీ మనవరాలు గీతికకు నా ముద్దులు.

నీ అన్న,
మొండయ్య.


చంద్రపూర్,
3 ఫిబ్రవరి 2025.

మొండన్నకు నమస్కారాలు.

నీ ఉత్తరం పట్టుకుని పోస్టుమన్ మూడంతస్తులు ఎక్కి వచ్చాడు. హరిణి కవరు అటూ ఇటూ తిప్పి, "అత్తమ్మా, నాకు ఒక్క ముక్క సమజైతలేదు" అంది. నా కోడలు మాట్లాడేది తెలుగే గాని చదివిందంతా మరాఠీ బడిలో. మనవరాలి సంగతి చెప్పనే అక్కర్లేదు. కాబట్టి మన ఉత్తరాలు మనకే అన్నా, ఏమైనా రాసుకోవచ్చు.

సర్దార్‌ను బయటి గ్యాలరీలో కొక్కేనికి వేలాడదీశాం. పొద్దున తుడిచిన గ్రిల్లు సాయంత్రానికి బొగ్గు నుసితో నల్లబడుతుంది, దానితోపాటు సర్దార్ తోక కూడా. వారానికి రెండుసార్లు నీళ్లు చిలకరిస్తున్నా. గీతిక బడి నుంచి రాగానే మరాఠీలో "పోపట్, పోపట్" అంటూ దాని ముందరే. బూట్లు కూడా విప్పదు.

అరుపు మాత్రం నువ్వు చెప్పినదానికంటే ఎక్కువే ఉంది. మీకు చుట్టూ వాకిలి, పెరడు ఉన్నాయి. ఇక్కడ గోడ అవతల ఒక సంసారం, నేల కింద ఒక సంసారం. దుర్గేష్ గడ్‌చాందూర్ బస్సెక్కి సిమెంటు కంపెనీకి, హరిణి ఆఫీసుకు, పిల్ల బడికి పోయి ఇల్లు సద్దుమణిగాక మొదలుపెడుతుంది. కింది ఇంటాయన కరెంటు ప్లాంటులో నైట్ షిఫ్ట్ చేసి వచ్చి కన్నుమూసేది అప్పుడే. ఆయన భార్యను మేం మరాఠీలో కాకు అంటాం, పిన్ని అన్నట్టు. మొన్న పైకి వచ్చి నవ్వుతూ చెప్పింది. నవ్వుతూ చెప్పింది కాబట్టే నాకు ఇంకా సిగ్గేసింది. చలికాలం కదా, కిటికీలన్నీ మూసి పెడుతున్నా. కొరుక్కోవడానికి వేప పుల్లలు ఇస్తున్నా. కొంత నయం.

ఏమంటుందని అడిగావు. రామ రామ అంటుంది. ఛాయ్ తాగినవా అంటుంది. గొంతు కొంచెం వదినె గొంతులాగానే ఉంది. అంతే, ఇంకేం లేదు.

వదినె మంచాన పడ్డ రెండేళ్లలో నేను రెండుసార్లే రాగలిగాను. పిల్లను ఎవరికి అప్పజెప్పి రావాలో తెలియక ఎప్పటికప్పుడు వాయిదా వేశాను. వచ్చినప్పుడు కూడా మంచం పక్కనే కూర్చుని ఆమె తల దువ్వి వెళ్లిపోయాను. అది నా గుండెలో ముల్లులా ఉంది. ఆమె చిలుకనైనా కడుపులో పెట్టుకుని చూసుకుంటా.

నీ మోకాళ్లకు నూనె రాసుకుంటున్నావా? నువ్వు రాసుకోవని నాకు తెలుసు, అయినా అడుగుతున్నా.

నీ చెల్లె,
అనసూయ.


రెబ్బెన,
17 ఫిబ్రవరి 2025.

చెల్లెకు,

మోకాళ్లకు నూనె రాసుకుంటున్నా. కూరకు పోయాల్సిన నూనె మోకాళ్లకు పోయింది, కూర మాడింది.

రామ రామ అంటుందా? ఆ ముక్క మళ్లీ మళ్లీ చదివా. ఈరమ్మ నోట రాముడి పేరు నేనెప్పుడూ చూడలేదు. దేవుడితో ఆమెకు పెద్దగా మాటల్లేవు. మీ బిల్డింగులో ఎవరో పొద్దున్నే భజన పాటలు పెడతారేమో, అవి పట్టిందేమో. ఇంత తొందరగా కొత్త మాటలు నేర్చి పాతవి వదిలేస్తుందని అనుకోలేదు.

ఇంకేమీ అనదా? ఎవరినీ పిలవదా? ఇంట్లో చప్పుడు లేనప్పుడు కూర్చుని విను, నీకు పుణ్యముంటుంది. అరిచినప్పుడు రెక్కలు కొడుతుందా? మా ఇంట్లో గడప దగ్గరికి ఎవరొచ్చినా కొట్టేది, నేను చూసి లేచేవాణ్ణి. అది పోయాక పాలవాడు వాకిట్లో ఎంతసేపు నిలబడ్డా నాకు తెలియడం లేదు. మొన్న లోపలికి వచ్చి నా భుజం తట్టాడు, చేతిలో ఛాయ్ గ్లాసు ఎగిరి పడింది.

నువ్వు ఎదురుగా నిలబడుతున్నావా లేదా? అది రాయలేదు.

నీ అన్న,
మొండయ్య.


చంద్రపూర్,
6 ఏప్రిల్ 2025.

మొండన్నకు,

జవాబు ఆలస్యమైంది, కోపం పెట్టుకోకు. రాయడానికి కూర్చుంటే ఏం రాయాలో తోచడం లేదు.

ఇక్కడ ఎండలు అప్పుడే మండుతున్నాయి. చంద్రపూర్ ఎండ నీకు తెలియనిది కాదు. కిటికీలు మూస్తే మనుషులు ఉడికిపోతారు, తెరిస్తే సర్దార్ గొంతు సందు చివరి దాకా పోతుంది. కూలర్ వేస్తే ఆ హోరును మించి అరవాలని అది ఇంకా గొంతు చించుకుంటుంది. గ్యాలరీలోంచి తెచ్చి వంటింట్లో పెట్టాం. వంటింటి కిటికీ కింది వాళ్ల పడకగది మీదే ఉంది. మళ్లీ తీసి నడవాలో పెట్టాం, అక్కడ మెట్ల మీద పోయేవాళ్లు ఉలిక్కిపడుతున్నారు. ఇల్లంతా తిరిగింది పాపం, నా మనవరాలి స్కూలు సంచి లాగా.

దుర్గేష్ ఒక పశువుల డాక్టరును అడిగి వచ్చాడు. అరిచినప్పుడు దగ్గరికి పోవద్దన్నాడట. పోతే, అరిస్తే మనుషులు వస్తారని దానికి అలవాటవుతుందట. చిన్నగా మాట్లాడినప్పుడే పోయి పండు ముక్క పెట్టాలట. ఇప్పుడు అదే చేస్తున్నాం. అది అరుస్తుంటుంది, మేం నలుగురం తలా ఒక మూల వినపడనట్టు కూర్చుంటాం.

పోయిన వారం మా వాచ్‌మన్ హనుమంతు పరుగెత్తుకుంటూ వచ్చి తలుపు బాదాడు, అరుపుకు భయపడి. సిరోంచ దిక్కు మనిషి, మన తెలుగువాడే. అతన్ని గూటి దగ్గరికి తీసుకుపోయి చూపించి పంపాను. ఆ మర్నాడే సొసైటీ మీటింగు పెట్టారు. కాకు మంచిదే అన్నా, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఆయన నిద్ర లేక మిషన్ల మధ్య తూలుతున్నాడని ఏడ్చింది. సెక్రటరీ ఈ నెలాఖరు దాకా చూస్తామన్నాడు. ఇట్లాంటి చిలుకను గూట్లో పెట్టుకోవడమే చట్టానికి విరుద్ధమని, ఎవరైనా ఫారెస్టువాళ్లకు చెబితే మన మీదికే వస్తుందని కూడా అన్నాడు. ఆ సంగతి మనకెవరికీ తెలియనే తెలియదు.

అన్నా, సర్దార్‌ను కొన్నాళ్లు నువ్వే తీసుకుపోతావా? దుర్గేష్ ఆదివారం తెచ్చి దింపుతానంటున్నాడు. కొత్త మాటలేం లేవు. రామ రామ అనే అంటుంది.

అనసూయ.


రెబ్బెన,
15 ఏప్రిల్ 2025.

అనసూయకు,

పిలిస్తే పోవద్దని చెప్పినవాడు డాక్టరైతే నాకేంటి, ఇంకెవడైతే నాకేంటి. నేను చెప్పింది నీకు తలకెక్కలేదు.

తెచ్చి దింపొద్దు. రామ రామ అనే చిలుకలు ఊరినిండా ఉన్నాయి. ఈరమ్మ మాట పోయిన చిలుకను ఎదురుగా పెట్టుకుని నేనేం చేసుకోను?

నాకొకటి గుర్తొచ్చింది. మీ వదినెకు నువ్వు పెట్టిన పేరు భోంగా. షిఫ్టు మారేటప్పుడు బాయి దగ్గర మోగే భోంగా లాగా ఆమె గొంతు ఉందని, నీ కొడుకు పెళ్లిలో పదిమందిలో అని నవ్వావు. నాకు వినపడదు గాని నవ్వే ముఖాలు కనపడతాయి. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆమె నోట్లో నాలుక లేని పిల్ల. పక్కన కూర్చుంటే తప్ప ఆమె మాట వినపడేది కాదు. నా చెవులు ఒక్కొక్కటే పోతుంటే ఆమె గొంతు పెరిగింది. ఎవరి కోసం పెరిగిందో నీకు తెలియదా? బతికున్నప్పుడూ ఆ గొంతు మీకు గిట్టలేదు, పోయినాక చిలుక నోట్లో ఉన్నా గిట్టడం లేదు.

నీ ఇల్లు, నీ సొసైటీ. నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో. నన్ను అడగొద్దు.

మొండయ్య.


చంద్రపూర్,
4 మే 2025.

అన్నకు,

సర్దార్ మా ఇంట్లో లేదు. అడవి శాఖవాళ్లు దెబ్బ తగిలిన పక్షుల్నీ జంతువుల్నీ ఉంచి బాగుచేసే చోటు ఊరి బయట ఉంది. నేనూ దుర్గేష్ పోయి అక్కడ ఇచ్చి వచ్చాం. వాళ్లు ఏమీ అనలేదు, కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. రెక్కలకు బలం వచ్చాక మిగతా చిలుకలతో కలిపి వదిలేస్తారట.

ఇది రాసి కవరు అంటించేద్దామనుకున్నా. నీ ఉత్తరం మళ్లీ ఒకసారి చదివాను. వదినె గొంతు నాకు గిట్టలేదన్నావు. ఆ మాట మీద వేసుకుని నేను బతకలేనన్నా. నీకు చెప్పకూడదనుకున్నది ఇప్పుడు చెబుతున్నా. తిట్టుకో, కొట్టు, కాని విను.

సర్దార్ రామ రామ అనలేదు. ఒక్కనాడూ అనలేదు. నేనే కల్పించాను.

అది వచ్చిన మర్నాడు నేను బియ్యం ఏరుతున్నా. గ్యాలరీలోంచి వదినె అరిచింది. చిలుక అని మనసుకు తెలుసు, ఒంటికి తెలియలేదు. "ఓ పెద్దమనిషీ! రావేంది? పానం పోతుంది, రా!" అని. చాటలోని బియ్యమంతా నేల మీద పడ్డాయి. అదే మాట, మళ్లీ, మళ్లీ. మధ్యలో "ఇనవడ్తలేదా?" అంటుంది. చివరకు ఊపిరి అందనట్టు ఎక్కిళ్లు పెడుతుంది. అచ్చం వదినె గొంతు, అచ్చం మంచాన పడ్డ మనిషి ఆయాసం.

నిద్రలోనే పోయిందని నువ్వు అందరికీ చెప్పావు. కాదని నాకు ఆ రోజు అర్థమైంది. రాత్రంతా పిలిచి పిలిచి, నీకు వినపడక, పిలుస్తూనే పోయిందని అర్థమైంది. చిలుకకు వినపడింది, నీకు వినపడలేదు. ఈ మాట నీకు ఎట్ల రాయను? ఇది తెలిస్తే నువ్వు బతుకుతావా?

ఎదురుగా నిలబడమన్నావు. నిలబడ్డా. మెడ పక్కకు వంచి నా ముఖంలోకి చూసి, "రావేంది?" అంటుంది. వదినె నన్నే అడుగుతున్నట్టుంది. రెండేళ్లలో రెండుసార్లు వచ్చిన ఆడబిడ్డను ఇంకేం అడుగుతుంది? నిలబడలేక స్నానాల గదిలోకి పోయి నల్లా విప్పుకుని కూర్చునేదాన్ని. డాక్టరు పోవద్దన్నాడంటే, నిజం చెప్పనా, నాకు పెద్ద బరువు దిగింది.

హనుమంతు తలుపు బాదింది అరుపుకు భయపడి కాదు. మరాఠీవాళ్లకు అది ఉత్త చప్పుడు. అతనికి తెలుగు తెలుసు. ఇంట్లో ఎవరో చచ్చిపోతున్నారని పరుగెత్తి వచ్చాడు. ఆ తర్వాత గీతిక మెట్ల మీద ఆడుకుంటూ అదే గొంతుతో "పానం పోతుంది, రా!" అని అరిచింది. హరిణి పిల్లను ఒక్కటి వేసి, తనే కూలబడి ఏడ్చింది. "ఇగ నాతోని కాదు అత్తమ్మా, ఈ మాట ఇనుకుంట అన్నం దిగుతలేదు" అంది. నాకు మాత్రం దిగుతుందా?

అందుకే నిన్ను తీసుకుపొమ్మన్నా. నీకు వినపడదు కాబట్టి నీ దగ్గర ఉంటే దానివల్ల ఎవరికీ నొప్పి లేదనుకున్నా. నువ్వు వద్దన్నావు.

భోంగా అన్నది నిజమే. ఆ రోజు ఆమె కూడా నవ్విందన్నా.

అనసూయ.


రెబ్బెన,
12 మే 2025.

చెల్లె,

నీ ఉత్తరం చదివి నీ మీద చాలా కోపం వచ్చింది. ఒక పూట అన్నం తినలేదు. తర్వాత ఏడ్చాను. ఇప్పుడు కోపం లేదు, నిదానంగా చదువు.

సర్దార్ రాత్రి మాట్లాడదు. గుడ్డ కప్పితే తెల్లారేదాకా కిక్కురుమనదని మొదటి ఉత్తరంలోనే రాశాను. నువ్వూ రోజూ కప్పే ఉంటావు. అది నేర్చిందంతా పట్టపగలు నేర్చింది. రాత్రిళ్లు మీ వదినె కొంగు నా మణికట్టుకు కట్టుకుని పడుకునేవాళ్లం. ఏం కావాలన్నా లాగేది, నేను లేచేవాణ్ణి. పోయిన రాత్రి లాగలేదు. తెల్లారి నేను లేచేసరికి ముడి ముడిగానే ఉంది, ఆమె ముఖం మామూలుగా ఉంది. నిద్రలో పోయిందంటే నిద్రలోనే పోయింది.

ఇక పగటి సంగతి. ఆమె లోపలి గదిలో మంచం మీద, నేను వాకిట్లోనో పెరట్లోనో. ఆమె పిలిస్తే నాకు వినపడదు. సర్దార్‌కు వినపడుతుంది. గూడు దర్వాజ దగ్గర వేలాడదీసింది అందుకే, అటు ఆమెకు, ఇటు నాకు కనపడేటట్టు. ఆమె పిలిస్తే అది రెక్కలు టపటపా కొట్టేది. నేను చూసి లోపలికి పోయేవాణ్ణి. నేను వచ్చానంటే దానికి ఒక మిరపకాయ. మొదట్లో ఆమె పిలిస్తేనే కొట్టేది. తర్వాత ముదిరిపోయి, ఆమె పిలిచే మాట తనే అని, తనే రెక్కలు కొట్టి నన్ను రప్పించుకునేది. నేను ఉరికి పోయేసరికి ఆమె హాయిగా పడుకుని ఉండేది. సర్దార్ మళ్లీ మోసం చేసిండని చూపుడు వేలితో చెప్పి నవ్వేది.

నీళ్లు కావాలన్నా పానం పోతుందనే పిలిచేది. పక్కకు తిప్పాలన్నా అదే. పొద్దుపోక నన్ను కూర్చోబెట్టుకోవాలన్నా అదే. ఒకసారి తలుపు సందులోంచి ఆమె పెదవులు చూసి, పానం పోవడమేంది, శుభం పలుకరాదా అని తిట్టాను. "పోతుందంటే గాని నువ్వు రావు కదా" అంది. ఇది కూడా పెదవుల మీదే చదివాను.

చివర ఎక్కిళ్లు పెడుతుందని రాశావు. ఎక్కిళ్లు కావే. నేను గడపలోకి వచ్చి నిలబడగానే ఆమె నవ్వేది. పక్షవాతానికి సగం నోరు వంకర పోయింది కదా, భుజాలు కదిలించి ఊపిరి ఎగబీల్చుకుంటూ నవ్వేది. కదిలే భుజాలే నాకు తెలుసు, ఆ చప్పుడు ఎట్లుంటుందో తెలియదు. సర్దార్ దాన్ని కూడా పట్టిందని నీ ఉత్తరం చదివితే తెలిసింది. పిలుపు అయినాక నవ్వు ఉందంటే నేను వచ్చాననే కదా చెల్లె. ప్రతిసారీ వచ్చాను.

మీ ఇంట్లో అది అరిచింది నా కోసం. ఎవరైనా ఎదురుగా వచ్చి నిలబడి ఉంటే ఊరుకునేది. వినపడనట్టు కూర్చున్నారు కాబట్టి, పాపం, వినపడలేదనుకుని గొంతు పెంచింది. చెవిటి ఇంట్లో పెరిగింది, దానికి ఇంకో పద్ధతి తెలియదు.

ఎందుకు ఇచ్చేశానో నీకు పూర్తిగా చెప్పలేదు. ఆమె పోయినాక కూడా అది రెక్కలు కొట్టేది. నేను లేచి లోపలి గదిలోకి పోయేవాణ్ణి. ఖాళీ మంచం. తిరిగి వచ్చి కూర్చునేలోపు మళ్లీ కొట్టేది, మళ్లీ పోయేవాణ్ణి. నన్ను నేను ఆపుకోలేకపోయాను. ఇద్దరం పిచ్చివాళ్లమవుతామనిపించింది. మాట నాకు తెలుసు, నీ దగ్గర నేను అడిగింది గొంతు. రామ రామ అంటుందని నువ్వు రాస్తే, దానికి ఆ పిలుపు పోయింది కదా, ఇక ఎవరి కోసం తెచ్చుకోవాలని వద్దన్నాను. పిలుస్తూనే ఉందని తెలిస్తే ఆ ఆదివారమే వచ్చి తెచ్చుకునేవాణ్ణి. పిచ్చివాణ్ణయినా సరే.

పోయి చూసి రా. ఇస్తారేమో అడుగు.

నీ అన్న,
మొండయ్య.


చంద్రపూర్,
25 మే 2025.

అన్నా,

నీ ఉత్తరం అందిన పూటే ఆటో మాట్లాడుకుని పోయాను. దుర్గేష్ వచ్చేదాకా కూడా ఆగలేదు.

ఇవ్వరట. ఇవ్వడానికి వాళ్లకు అధికారం లేదట. అడిగినందుకు కోప్పడలేదు, చల్లటి నీళ్లు ఇచ్చి కూర్చోమన్నారు. పెద్ద జాలీ గదిలో చిలుకలన్నీ ఉన్నాయి. అన్నీ ఒక్కలాగే ఉన్నాయన్నా. ఇన్ని నెలలు ఇంట్లో పెట్టుకుని కూడా సర్దార్ ఏదో నేను పోల్చుకోలేకపోయాను. వాటిని చూసుకునే అమ్మాయి పేరు విద్య. మాట్లాడే చిలుక ఏదని అడిగితే తల అడ్డంగా ఊపింది. ఇక్కడికి వచ్చినప్పటి నుంచి వీటిలో ఏదీ ఒక్క మాట కూడా మాట్లాడలేదంది.

అప్పుడు నేను జాలీ పట్టుకుని పిలిచాను. వదినె పిలిచినట్టే. "ఓ పెద్దమనిషీ! రావేంది? పానం పోతుంది, రా!" అని. నా గొంతు అంత ఉందని నాకే తెలియదు. ఆ అమ్మాయి చేతిలో గిన్నె వదిలేసింది. చిలుకలన్నీ గుప్పున లేచి పై కొమ్మలకు పోయాయి. ఒక్కటి పోలేదు. కొమ్మ మీదే ఉండి రెక్కలు టపటపా కొట్టింది. నువ్వు రాసినట్టే. కొడుతూ నన్ను చూడలేదు, నా వెనక దారి చూసింది. ఎవరూ రాలేదు. కాసేపటికి రెక్కలు ముడుచుకుని అటు తిరిగి కూర్చుంది.

నోరు మాత్రం తెరవలేదు. మళ్లీ పిలిచినా తెరవలేదు. మేం నలుగురం మూలకు కూర్చుని నేర్పించిన పాఠం అది. బిల్డింగు ఇప్పుడు సద్దుమణిగి ఉంది, కింది ఇంటాయన నిద్రపోతున్నాడు, కాకు పులిహోర పంపింది. నాకు పగలంతా చెవుల్లో అదే పిలుపు. లేచి గ్యాలరీలోకి పోతున్నా. పోయి కొక్కెం కింద నిలబడుతున్నా. నువ్వు ఖాళీ గదిలోకి ఎట్ల పోయేవాడివో ఇప్పుడు తెలిసింది.

తొలకరి పడ్డాక అన్నిటినీ వదిలేస్తారట. అంతలోపు రా. నిన్ను లోపలికి రానిస్తారు, నేను విద్యతో మాట్లాడి వచ్చాను. అది మాట్లాడకపోతేనేం, నీకు మాటతో పనిలేదు కదా. రెక్కలు కొడుతుంది. ఈసారి దారిలో నువ్వు ఉంటావు.

గొంతు ఎట్లుందో రాయమని మొదటి ఉత్తరంలో అడిగావు. రాస్తున్నా. పెద్దమనిషీ అనేటప్పుడు బరువుగా, కొంచెం బొంగురుగా ఉంటుంది. పానం దగ్గర సన్నగా సాగుతుంది. రా అనే మాట గట్టిగా ఉండదన్నా. అన్నిటికంటే మెల్లగా ఉండేది అదే. వచ్చేస్తాడని తెలిసిన మనిషి పిలిచినట్టు ఉంటుంది. నేను అన్ని నెలలు విన్నా, అది నాకు నిన్న గాని తట్టలేదు. నవ్వు ఎట్లుంటుందో మాత్రం రాయలేను. దాన్ని ఏడుపనుకుని చెవులు మూసుకున్నా, సరిగ్గా వినలేదు.

ఇప్పుడు ఆ పిలుపు నా దగ్గర తప్ప ఎక్కడా లేదు. నువ్వు వస్తే ఎదురుగా కూర్చుని, వదినె ఎట్ల పిలిచేదో అట్లనే పిలుస్తా. మూడంతస్తులూ లేచి వచ్చినా సరే, గొంతు తగ్గించను. నువ్వు నా నోరు చూడు.

బల్లార్షా స్టేషనుకు దుర్గేష్ వస్తాడు.

నీ చెల్లె,
అనసూయ.